శనివారం రాత్రి సౌండ్ ఆపింది నేనే

మా రెస్టారెంట్‌కి వారం వారం వచ్చేవాళ్లందరికీ,

పోయిన శనివారం రెండో పాట సగంలో ఆగిపోయింది. కరెంటు పోయిందనుకున్నారు చాలామంది. పోలేదు. స్విచ్ కట్టేసింది నేనే. తలా ఒక మాటా అనుకుంటున్నారని తెలిసి, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

మూడేళ్లుగా మాకు సౌండ్ పెట్టే మనిషి ఆ సాయంత్రం ఫోన్ ఎత్తలేదు. ఏడున్నరకి ఓ కుర్రాడొచ్చి, మైదానంలో సభలకు వాడే రెండు పెద్ద బాక్సులు దించాడు. మాది పద్నాలుగు టేబుళ్ల హాలు. ఒక పక్కంతా అద్దాలు, కింద రాయి. ఆరుబయటైతే దూరం రెట్టింపైన కొద్దీ శబ్దం 6 డెసిబెళ్ల చొప్పున తగ్గుతుంది. ఇక్కడ గోడకు కొట్టుకుని మన మీదికే వస్తుంది. పైగా బాక్సులు పాడే అమ్మాయి వెనక పెట్టాడు. బాక్సులోంచి వచ్చిన గొంతు మళ్లీ మైకులోకి, మైకులోంచి మళ్లీ బాక్సులోకి. ఆ కీచు మీరే విన్నారు. ముందుకు జరపమంటే వైరు చాలదన్నాడు. చివరికి వాళ్ల ఓనరు దొరికి, "ఒక్క రోజుకి సర్దుకోండి సార్" అన్నాడు. సర్దుకోవాల్సింది నేనా, డబ్బిచ్చి కూర్చున్న మీరా? మూడేళ్లలో ఆ సౌండ్ మనిషికి ఒక్కసారి కూడా డబ్బు ఆలస్యం చేయలేదు. ఈ మాట ఇక్కడ అనవసరమే, అయినా రాస్తున్నాను.

మొదటి పాటంతా కౌంటర్ దగ్గర నిలబడే ఉన్నాను. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి చెవి డాక్టరు ఎతియెన్ లొంబార్డ్ 1911లోనే రాశాడు. అదే నా కళ్లముందు జరుగుతోంది. కిటికీ పక్క టేబుల్లో ఒక పెద్దాయన మనవరాలి చెవిలో అరుస్తున్నారు. ఆపితే పాడే అమ్మాయిని నలుగురిలో అవమానించినట్టు. ఆపకపోతే మీ అందరి సాయంత్రమూ పాడు. ఆపేశాను. రెండు టేబుళ్లవాళ్లు చప్పట్లు కొట్టారు. కొట్టకుండా ఉంటే బాగుండేది.

ఆమెకు క్షమాపణ చెప్పాను, మొత్తం డబ్బిచ్చాను. ఈ శనివారం వస్తానంది. మాట మాత్రం ఇంకా ముభావంగానే ఉంది.

ఇక అద్దె సౌండ్ ఉండదు. రెండు చిన్న స్పీకర్లు సొంతంగా కొన్నాను, మైకుకి ముందువైపు పెడతాం. అద్దాలకు మందపాటి తెరలు వేశాం. అవి కీచు శబ్దాల్ని కొంత పీలుస్తాయి కానీ డ్రమ్ము దెబ్బని ఆపలేవు, కాబట్టి కొన్నాళ్లు డ్రమ్స్ లేవు. ఆ సౌండ్ మనిషి రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు. చిన్నతనం అనుకుంటే అనుకోండి.

పాటలు ఎనిమిదిన్నరకి మొదలు. వంటగది తలుపు పక్క టేబుల్ మాత్రం అడగకండి. అక్కడ శబ్దం హెచ్చుతగ్గులు సర్దే సౌండ్ మిక్సర్ పెట్టాం, దాని ముందు నేనే కూర్చుంటాను.