నల్ల చీమే కదా అనుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

మా చెల్లెలు రియాద్‌లో ఒక ఇంట్లో వంటపనికి వెళ్లి రెండేళ్లయింది. పోయిన వేసవిలో ఒక సాయంత్రం చెప్పులు విప్పి చెట్లకు నీళ్లు పడుతుంటే బండల సందులోంచి వచ్చిన నల్ల చీమ ఒకటి మడమ పక్కన కుట్టింది. "ఎర్రది కాదు కదక్కా, నల్లదే కదా అని దులిపేసి నా పని చేసుకుంటా ఉన్నా" అని తర్వాత చెప్పింది. పది నిమిషాలకే ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు ఉబ్బిపోయి, గొంతు ఎవరో పిసికేసినట్టయి మాట కూడా రాలేదంట. ఆ ఇంటి డ్రైవర్ కార్లో ఆస్పత్రికి తీసుకెళ్లాడు కాబట్టి సరిపోయింది, తొడకు అడ్రినలిన్ ఇంజెక్షన్ వేశాక గాని ఊపిరి ఆడలేదు.

దాన్ని సమ్‌సమ్ చీమ అంటారు. సౌదీలో, ఎమిరేట్స్‌లో ఇది కుట్టి అలర్జీ షాక్‌తో ప్రాణాలు పోయినవాళ్లు కూడా ఉన్నారు. అందరికీ అలా కాదు, చాలామందికి మంట, వాపుతో పోతుంది, కానీ మన ఒళ్లు ఎలా తీసుకుంటుందో ముందుగా ఎవరికి తెలుసు?

తప్పు మా చెల్లెలిది కాదు. ఎర్ర చీమ కుడుతుంది, నల్ల చీమ ఏమీ చేయదు అని మేము చిన్నప్పటి నుంచి విన్నాం. మా అమ్మ రోజూ వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గు వేసేది, నల్ల చీమలు వచ్చి తింటే పుణ్యమని. కొర్లగుంటలో ఆ లెక్క చాలావరకు సరిపోతుంది గాని ఎడారి దేశంలో సరిపోదు.

గుర్తుపట్టడం మరీ కష్టమేం కాదు. మన గండు చీమ కంటే చిన్నది, సుమారు బియ్యపు గింజంత పొడవు, నలుపు లేదా ముదురు గోధుమ రంగు. నడుము దగ్గర ఒకే కణుపు ఉంటుంది, వెనక కొసన ముల్లు. గండు చీమ నోటితో కొరుకుతుంది, ఇది కందిరీగలాగా వెనకనుంచి పొడుస్తుంది. ఎడారి అంటే ఇసుకలో ఉంటుందనుకుంటాం, ఇది మాత్రం చెమ్మ ఉన్నచోటే గూడు పెడుతుంది, తోట అంచుల్లో, బండల పగుళ్లలో, అంటే పనివాళ్లు నీళ్లు పట్టి కడిగే చోట్లే. అక్కడి వంటగదుల్లో కనిపించే లేత పసుపు చీమలు వేరు, 2 మిల్లీమీటర్లే ఉంటాయి. వాటి మీద స్ప్రే కొడితే గుంపు చీలి ఇంకో నాలుగు చోట్ల గూళ్లు పెడతాయి, ఎర మందు పెట్టడమే మేలు.

మన తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి ఇళ్లలో పనికి, తోటపనికి గల్ఫ్ వెళ్లేవాళ్లు తక్కువేం కాదు. వీసా కాగితాల గురించి పది మంది చెప్తారు, ఇది చెప్పేవాళ్లే లేరు. మీ పేపర్లో ఈ చీమ ఫొటో పెద్దగా వేసి, పక్కన మన గండు చీమ ఫొటో కూడా వేసి, దద్దుర్లు, ఆయాసం, కళ్లు తిరగడం కనిపిస్తే మాత్ర వేసుకుని పడుకోకుండా వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయాలని రాయండి. సౌదీలో 997, ఎమిరేట్స్‌లో 998. చెల్లెలు ఇప్పుడు చెట్ల దగ్గరికి బూట్లు వేసుకునే పోతోంది. వచ్చే నెల మా వీధిలోంచి ఇంకో ఇద్దరు బయలుదేరుతున్నారు, ఆలోగా వేస్తే కత్తిరించి వాళ్ల చేతికిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి