గైడులో లేని కొమ్ముకోనం

సంపాదకులు గారికి,

డిగ్రీ పిల్లలకు అమెరికన్ నవలలు దండగ అంటూ ఈ మధ్య మీ పేజీలో ఒక ఉత్తరం వచ్చింది. మన పిల్లలకు సంబంధం లేని జీవితాలు, కొరుకుడు పడని ఇంగ్లీషు, చివరికి బట్టీ పట్టి రాసే జవాబులు అని ఆ పెద్దమనిషి బాధ. బట్టీ సంగతి నిజం. పట్టించినవాళ్లలో నేనూ ఉన్నాను. సంబంధం లేని జీవితాలు అన్న మాట దగ్గరే నాకు పేచీ.

భీమిలి వైపు ఒక డిగ్రీ కాలేజీలో 26 ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. అందులో ఎక్కువసార్లు చెప్పింది హెమింగ్వే రాసిన 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ'. 1952లో వచ్చిన చిన్న నవల, వంద పైచిలుకు పేజీలు. రాసింది అమెరికన్ అయినా కథ క్యూబాది. శాంటియాగో అనే ముసలి జాలరికి 84 రోజులుగా ఒక్క చేప పడదు. 85వ రోజు ఒంటరిగా చాలా దూరం పోతాడు. తన పడవకన్నా రెండడుగులు పొడవైన మార్లిన్ అనే చేప గేలానికి చిక్కుతుంది. మూడో రోజుకి గానీ దాన్ని చంపలేకపోతాడు. ఒడ్డుకు తెచ్చేలోగా సొరచేపలు పీక్కు తినేస్తాయి.

మొదట్లో నేను చెప్పింది గైడు పాఠమే. థీమ్స్ ఐదు, సింబల్స్ నాలుగు, శాంటియాగో క్యారెక్టర్ స్కెచ్ పది మార్కులు. ముసలివాడు క్రీస్తుకు ప్రతీక అని రాస్తే ఇంకో రెండు మార్కులు ఖాయం. ఆ పోలిక తప్పని అనను. తెరచాప కొయ్య భుజాన వేసుకుని, పడుతూ లేస్తూ గుడిసెకి వెళ్లే పేజీ చదివితే ఎవరికైనా తడుతుంది. కానీ మా పిల్లలు ఆ పేజీ చదవలేదు, గైడులో పోలిక ఒక్కటే చదివారు. సముద్రమంటే సముద్రమే, ముసలివాడంటే ముసలివాడే, సింబాలిజం ఏమీ లేదని హెమింగ్వేనే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. ఆ ముక్క ఏ గైడులోనూ నేను చూడలేదు.

2018లో ఒకరోజు, మార్లిన్ అంటే పెద్ద చేప, ముందు కత్తిలాంటి ముక్కు ఉంటుంది అని ఎప్పటిలాగే చెప్పుకుపోతున్నాను. వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు, "కొమ్ముకోనం మేడం అది" అన్నాడు. అప్పటిదాకా క్లాసులో నోరు విప్పని పిల్లాడు. వాళ్ల నాన్న వేటకెళ్తాడు. "ఒక్కడే ఎల్తే పేనాలకే ముప్పు మేడం. ఈ ముసిలోడికి ఎంత దైర్యం!" అన్నాడు. (తర్వాత కొన్నేళ్లకు, పరవాడ వైపు వేటకెళ్లిన ఒకాయన కొమ్ముకోనం పొడిచి చనిపోయాడన్న వార్త పేపర్లో చూసి ఆ మాట గుర్తొచ్చింది.)

గైడు మూసేసి నవల తెరిచాం. రోజుకి నాలుగు పేజీలు, పైకి చదవడమే.

84 రోజులు అనగానే లెక్క మొదలైంది. మనకు ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలకే ఇంట్లో గిన్నెలు తాకట్టుకు పోతాయి, 84 అంటే ఏం తిన్నాడు అని అడిగారు. దానికి జవాబు నవల మొదట్లోనే ఉంది. మనోలిన్ అనే కుర్రాడు, తినడానికి ఏముందని ముసలివాణ్ణి అడుగుతాడు. చేపతో పసుపు అన్నం ఉంది, నువ్వూ తింటావా అంటాడు ముసలివాడు. అన్నం లేదు. విసురు వల తీసుకెళ్లనా అంటాడు కుర్రాడు. వలా లేదు, ఎప్పుడో అమ్మేశారు. ఇద్దరికీ తెలుసు, అయినా రోజూ ఈ మాటలే అనుకుంటారు. ఇది చదువుతుంటే మొదటి వరసలో ఒకమ్మాయి, "మా నాన్నా అంతే మేడం, అడిగితే తినేసొచ్చానంటాడు" అంది. మనోలిన్ విశ్వాసపాత్రుడు అని గైడు ఇచ్చిన క్యారెక్టర్ స్కెచ్ ఆ తర్వాత నేను మళ్లీ బోర్డు మీద రాయలేదు.

ముసలివాడు సముద్రాన్ని లా మార్ అంటాడు, ఆడదాన్ని పిలిచినట్టు. సొర కాలేయానికి మంచి రేటున్న రోజుల్లో మోటారు పడవలు కొన్న కుర్రకారు ఎల్ మార్ అంటారు, మగవాడిగా, పోటీదారుగా. ఇది సులువు, మన గంగమ్మ తల్లి ఉంది కదా అని నేను సంబరపడ్డాను. వెనక బెంచీ కుర్రాడు అడ్డొచ్చాడు. "మరబోటోళ్లూ గంగమ్మే అంటారు మేడం. కొబ్బరికాయ కొట్టే ఎల్తారు. వల మాత్రం అడుగంతా ఊడ్చేత్తది." నా దగ్గర జవాబు లేదు.

అన్నీ ఇలా మన ఇంట్లోవే అయిపోలేదు. ముసలివాడు ధ్యానించే బేస్‌బాల్ ఆటగాడు డిమాజియో దగ్గర క్లాసంతా బిక్కమొహం వేసింది. మడమలో ఎముక పెరిగి నొప్పి ఉన్నా ఆడినవాడు, జాలరి కొడుకు అని చెప్పాక, విరిగిన దవడకి కట్టు కట్టుకుని బౌలింగ్ చేసిన కుంబ్లేని ఎవరో అందుకున్నారు. ముసలివాడి కలల్లో ఆఫ్రికా తీరాన ఆడుకునే సింహాలు మాత్రం చివరిదాకా అర్థం కాలేదు. వాళ్లకీ, నిజం చెప్పాలంటే నాకూ.

చేప దొరికాక ముసలివాడు లెక్క వేస్తాడు. పదిహేను వందల పౌన్లు పైనే ఉంటుంది, శుభ్రం చేశాక మూడింట రెండొంతులు మిగిలితే, పౌను ముప్పై సెంట్ల చొప్పున ఎంత? దీనికి పెన్సిల్ కావాలి అనుకుంటాడు. మా వాళ్లు పెన్సిల్ లేకుండానే మూడొందల డాలర్లని చెప్పేశారు. అందులో సావుకారు బాకీ కింద ఎంత పట్టుకుంటాడన్నది తర్వాతి ప్రశ్న.

ఆ కుర్రాడు పరీక్షలో ఇవన్నీ రాశాడు. తప్పుల ఇంగ్లీషే, కానీ సొంతది. లా మార్ గురించి, గంగమ్మ గురించి, మరబోట్ల గురించి పేజీన్నర. పదికి మూడొచ్చాయి. డబ్బు కట్టి జవాబు పత్రం నకలు తెప్పించి చూస్తే, మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో 'ఇర్రెలెవెంట్' అని ఉంది. ఐదు థీమ్స్ వరసగా దింపిన పక్క కుర్రాడికి ఎనిమిది.

కాబట్టి ఆ పెద్దమనిషికి నా మనవి, నవల తీసేయమని అడగొద్దు. ప్రశ్న మార్చమని అడగండి. 'డిస్కస్ ద థీమ్స్' అన్నది పక్కన పెట్టి నవల్లోంచి అర పేజీ ప్రశ్నపత్రంలోనే అచ్చువేసి, ఇందులో ఏం జరుగుతోందో నీకు తోచింది రాయమనాలి. గైడుకి చేతకాని పని అదొక్కటే.

పేపర్ సెట్ చేసేవాళ్లకి శ్రమ లేకుండా ఒక ప్రశ్న నేనే ఇస్తున్నాను. చివరి పేజీ. ఒడ్డున చెత్తలో పొడవాటి వెన్నుముల్లు, చివర పెద్ద తోక తేలుతుంటాయి. అదేమిటని టూరిస్టు ఒకావిడ వెయిటర్‌ని అడుగుతుంది. సొరల వల్ల ఏం జరిగిందో చెప్పబోయి అతను సొర అన్న మాట దగ్గరే ఉండగానే, సొరచేపలకి ఇంత అందమైన తోకలుంటాయని నాకు తెలియదే అంటుంది ఆవిడ. ఆవిడ చూసిందేమిటి, చూడనిదేమిటి? పది మార్కులు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్,
భీమునిపట్నం