రచయిత బతికుండగానే కెమెరా పెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం,

అమెరికా నల్లజాతి నవలా రచయిత్రి టోనీ మోరిసన్ మీద 2019లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది, పేరు ‘ది పీసెస్ ఐ యామ్’. మొన్న మా అమ్మాయి పెడితే చూశాను. నేను షిప్‌యార్డులో వెల్డర్‌గా చేసి రిటైరైనవాణ్ణి, ఇంగ్లీషు అంతంతమాత్రం, మధ్యమధ్యలో ఆపి అది తెలుగులో చెప్తుంటే విన్నాను, అయినా చివరిదాకా లేవలేదు.

ఆవిడ 1931లో ఒహాయో రాష్ట్రంలో లొరెయిన్ అనే ఊళ్ళో పుట్టింది. అక్కడ ఉక్కు మిల్లులు, షిప్‌యార్డు. ఇంకేముంది, సగం మన వైజాగే. వాళ్ళ నాన్న వెల్డర్ అట. ఒకసారి ఓడకి సీమ్, అంటే రేకుల మధ్య వెల్డింగ్ అతుకు, బ్రహ్మాండంగా వచ్చిందని దాని మీద తన పేరు పొడి అక్షరాలు వేసుకున్నాట్ట, అదెవరికి కనపడుతుంది నాన్నా అంటే నాకు తెలుసు కదా అన్నాట్ట. ఆవిడే చెప్పుకున్న సంగతి ఇది. మేమూ అంతే కదండీ, ఓడ బయటి రేకుకి వెల్డింగ్ వేసి, పైన పేరుకున్న చిట్టెం కొట్టి, గ్రైండింగ్ పట్టి, అతుకు ఎక్స్‌రే పరీక్షలో పాసయ్యాక పైన పెయింటు పడిపోద్ది, వెల్డర్ నంబరు ఏదో రిజిస్టర్‌లో ఉంటుంది, ఆ జాయింటు ఎవడు వేశాడో ఇంకెవడికీ అక్కర్లేదు.

సినిమాలో నాకు బాగా నచ్చింది ఆవిడ ఉద్యోగం సంగతి. రాండమ్ హౌస్ అనే పుస్తకాల కంపెనీలో ఎడిటర్, ఇద్దరు మగపిల్లల్ని ఒక్కత్తే పెంచుకుంటూ, తెల్లారకముందే లేచి పసుప్పచ్చ కాయితాల మీద పెన్సిల్‌తో నవలలు రాసేది. మహమ్మద్ అలీ ఆత్మకథకి ఎడిటింగ్ చేసింది కూడా ఈవిడే. 1974లో వచ్చిన నల్లజాతివాళ్ళ చరిత్ర పుస్తకం మీద పని చేస్తున్నప్పుడు ఒక పాత పేపర్ కటింగ్ కంటపడింది. 1856లో మార్గరెట్ గార్నర్ అనే బానిస కెంటకీ నుంచి పారిపోయి, పట్టుకోడానికి వచ్చినోళ్ళ చేతికి ఇవ్వలేక కన్నకూతుర్నే చంపుకుంది. ‘బిలవెడ్’ నవలకి అదే మూలం. 1987లో ఆ నవలొస్తే పెద్ద అవార్డులు రాలేదని 48 మంది నల్లజాతి రచయితలు పేపర్లో ప్రకటన ఇచ్చారు, 1988లోనే పులిట్జర్, 1993లో నోబెల్ వచ్చాయి.

ఒక కంప్లైంటు కూడా ఉంది లెండి. టీవీ షోల ఓప్రా విన్‌ఫ్రీ లాంటి పెద్దపెద్దోళ్ళొచ్చి పొగడ్డమే పొగడ్డం, మన సన్మాన సభలు గుర్తొచ్చాయి, శాలువా ఒక్కటే తక్కువ. కానీ ఆవిడ మాట్లాడేటప్పుడు మాత్రం సూటిగా కెమెరాలోకే చూస్తుంది, మిగతావాళ్ళంతా పక్కకి చూస్తూ మాట్లాడతారు. అందుకే ఆవిడ మనింట్లో ఎదురుగా కూచుని చెప్తున్నట్టే ఉంది.

ఆ సినిమా జూన్‌లో రిలీజైంది, ఆగస్టు 5న ఆవిడ పోయింది, 88 ఏళ్ళు. కాస్త ఆలస్యం చేసుంటే ఈ సినిమా ఇలా ఉండేదే కాదు.

ఇప్పుడు మన సంగతి. రావిశాస్త్రి గారు ఈ ఊరి లాయరు, కోర్టు మెట్ల మీద బీదోళ్ళని చూసి, మన మాటల్లోనే సారా కథలు రాసిన మనిషి, సరిగ్గా ఆవిడకి నోబెల్ వచ్చిన 1993లోనే పోయారు. కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు గారు, ఈ ఊళ్ళోనే బడిపంతులుగా చేశారు, ‘యజ్ఞం’ కథ రాశారు, 1997లో శ్రీకాకుళంలో తెలుగు కథల కోసం కథానిలయం అనే లైబ్రరీ పెట్టారు, 2021 దాకా ఉన్నారు. యూట్యూబ్‌లో వెతికితే సభల వీడియోలు వస్తాయి, మైకు గరగర, వెనకాల ఫ్లెక్సీ, ముందు ఎవరో తల అడ్డం. ఇలా రెండు గంటలు కూర్చోబెట్టే సినిమా నాకైతే దొరకలేదు. బీచ్ రోడ్డులో విగ్రహాలు పెట్టుకున్నాం సరే, విగ్రహం మాట్లాడదు కదండీ.

ఇప్పుడున్న పెద్ద రచయితల దగ్గరికైనా వెళ్ళమనండి, ముఖ్యంగా దళిత రచయితలు, జాలరిపేటల గురించి, ఏజెన్సీ గురించి రాసేవాళ్ళు. ఆంధ్రా యూనివర్సిటీలో జర్నలిజం పిల్లలున్నారు, వాళ్ళ ఫోన్లలోనే మంచి కెమెరాలున్నాయి, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఫ్యాను ఆపేసి ఒక గది ఇస్తే చాలు. మీ పేపర్ సండే అనుబంధంలో ముందు ఎవరెవర్ని తీయాలో పాఠకుల్ని పేర్లు అడగండి. వెల్డింగ్ గురించి రాసేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ పేరు ముందు నేనే పంపుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వెల్డర్, గాజువాక, విశాఖపట్నం