గదిలో టిక్కులు ఆగాయి: విశాఖ మిత్రులకు కృతజ్ఞతలు

మా సంగీత గదిలోని లినక్స్ కంప్యూటర్ ఇప్పుడు 48,000 శాంపిల్ రేటు (సెకనుకు తీసే శబ్దపు నమూనాల సంఖ్య), 128 ఫ్రేముల బఫర్ (ఒక్క విడతలో పోగుచేసి పంపే నమూనాలు) మీద సాధన సాగినంతసేపూ శబ్దంలో ఒక్క టిక్కు లేకుండా నడుస్తోంది. వీణ పికప్ నాదం రివర్బ్ (ప్రతిధ్వని లాంటి ఎఫెక్టు) కలుపుకుని హెడ్‌ఫోన్‌లోకి వస్తుంటే వాయించేవాళ్లకు ఆలస్యం తెలియడం లేదు. దీని వెనక ఉన్న గాజువాక అన్నయ్యకు, యూనివర్సిటీలో చదువుకుంటున్న తమ్ముడికి, డాబాగార్డెన్స్ రిపేరు కొట్టు పెద్దాయనకు, మృదంగం బాబాయిగారికి మా అందరి నమస్కారాలు. పేర్లు వేయొద్దన్నారు, వేయడం లేదు. వాళ్లు చెప్పిన విషయాలు మాత్రం ఇంకొకరికి అక్కరకొచ్చేవి, అందుకే విడమరిచి రాస్తున్నాం.

అన్నయ్య ఫ్యాక్టరీ యంత్రాల కంట్రోల్ సిస్టమ్స్ చూస్తారు. ఆయన ముందుగా అడిగింది కంప్యూటర్ ఎంత వేగమైనదని కాదు, అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యం ఎంత వస్తోందని. లెక్క చిన్నదే. 128ని 48,000తో భాగిస్తే 2.67 మిల్లీసెకన్లు. ప్రతి 2.67 మిల్లీసెకన్లకూ ప్రాసెసర్ ఒక బఫర్ నింపి ఇవ్వాలి. లక్షసార్లు సమయానికి ఇచ్చి ఒక్కసారి తప్పినా అది ఎక్స్‌రన్, చెవికి టిక్కు. సగటు బాగుంటే ఇక్కడ ఒరిగేదేమీ లేదు. అందుకే ఏ సెట్టింగూ ముట్టుకోకముందే ఆలస్యాన్ని కొలిచే సైక్లిక్‌టెస్ట్ నడిపించారు. ఇది ఆర్‌టీ-టెస్ట్స్ ప్యాకేజీలో వస్తుంది (ఆర్‌టీ అంటే రియల్‌టైమ్, పని సమయానికి తప్పకుండా జరగడం). ప్రయారిటీ 80, మెమరీ లాక్, అన్ని కోర్ల మీదా అని చెప్పి నడిపి, పక్కన పెద్ద ఫైలు కాపీ చేస్తూ, బ్రౌజర్‌లో వీడియో పెట్టి, వైఫై ఆన్‌లోనే ఉంచి చూడాలి. ఖాళీగా ఉన్న కంప్యూటర్ మీద పరీక్షిస్తే ఏదీ బయటపడదు. ‘మ్యాక్స్’ అన్న అంకె మైక్రోసెకన్లలో ఉంటుంది. అది వేలల్లోకి పోతుంటే 128 బఫర్ ఆశ వదులుకోవాల్సిందే.

అసలు ఇదంతా అందరికీ అక్కర్లేదు. గొంతు మాత్రమే రికార్డు చేసేవాళ్లు ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును, వాద్యాన్ని కంప్యూటర్‌కు కలిపే పెట్టె) మీది డైరెక్ట్ మానిటర్ స్విచ్ వేసుకుని, గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండానే హెడ్‌ఫోన్‌లో వింటూ, బఫర్ 1024 పెట్టుకుని హాయిగా పాడుకోవచ్చు. ఆర్డర్ (Ardour) లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రికార్డయిన ట్రాక్‌ను ఆలస్యం లెక్కేసి తనే వెనక్కి జరుపుతుంది. శబ్దం కంప్యూటర్ లోపలికి వెళ్లి, మారి, వాయించేవాళ్ల చెవికి అప్పటికప్పుడు రావాల్సినప్పుడే ఈ శ్రమ. కీబోర్డుతో సాఫ్ట్‌వేర్ వాద్యాలు పలికించేవాళ్లు, వీణకో గిటారుకో ఎఫెక్టులు వేసేవాళ్లు ఈ కోవలోకి వస్తారు.

తమ్ముడు సరిచేసిపెట్టింది అనుమతుల సంగతి. ఎట్సీలోని సెక్యూరిటీ కింద లిమిట్స్ డాట్ డి ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టి, ఆడియో గ్రూపుకు ఆర్‌టీప్రయో (రియల్‌టైమ్ ప్రయారిటీ) 95, మెమ్‌లాక్ (మెమరీ లాక్) అన్‌లిమిటెడ్ అని రెండు వరుసలు రాసి, యూజర్‌ని ఆ గ్రూపులో చేర్చాడు. లాగౌట్ అయి మళ్లీ లోపలికి వస్తేనే ఇది అమల్లోకి వస్తుంది. యూలిమిట్ కమాండ్‌కు ‘-ఆర్’ ఇస్తే 95, ‘-ఎల్’ ఇస్తే అన్‌లిమిటెడ్ కనబడాలి. ఈ వరుసలు లేకపోయినా ఆర్‌టీకిట్ అనే సర్వీసు ద్వారా రియల్‌టైమ్ దొరుకుతుంది గానీ, మామూలుగా అది 20 దాటి ప్రయారిటీ ఇవ్వదు. మెమ్‌లాక్ ఎందుకంటే, ఆడియో థ్రెడ్‌కు (ప్రోగ్రాంలో శబ్దం పని చూసే భాగానికి) కావలసిన మెమరీ పేజీ డిస్కు మీది స్వాప్‌లోకి పోయి ఉంటే డిస్కు నుంచి తెచ్చుకునేలోపు ఆ 2.67 మిల్లీసెకన్లు గడిచిపోతాయి.

తర్వాత కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ. కంప్యూటర్‌ను మొదలుపెట్టే గ్రబ్‌లో ‘ప్రీఎంప్ట్=ఫుల్’, ‘థ్రెడ్‌ఐఆర్‌క్యూస్’ చేర్చి, అప్‌డేట్-గ్రబ్ నడిపి రీబూట్ చేశాక, ప్రాక్‌లోని సీఎండీలైన్ ఫైల్లో ఆ రెండు మాటలూ ఉన్నాయో లేదో చూడాలి. పూర్తి రియల్‌టైమ్ కోడ్ చాలా ఏళ్లు విడి ప్యాచ్‌గానే ఉండి, 2024లో వచ్చిన 6.12తో ప్రధాన కెర్నల్‌లో కలిసింది. అయినా అది బిల్డ్ చేసేటప్పుడే ఎంచుకోవాల్సిన అంశం, మామూలు కెర్నల్‌లో దానంతట అది ఉండదు. డెబియన్‌లో విడిగా ఆర్‌టీ కెర్నల్ ప్యాకేజీ ఉంది. కొన్ని గ్రాఫిక్స్ డ్రైవర్లు దాని మీద మొరాయిస్తాయి, కాబట్టి ముందు పై రెండు మాటలతో పని జరుగుతుందేమో చూసుకోవడమే మంచిది. మాకు ఆర్‌టీ కెర్నల్ అవసరం పడలేదు.

అసలు దొంగ మాత్రం యూఎస్‌బీలో దొరికింది. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌కు ‘-టీ’ ఇస్తే ఏ పరికరం ఏ కంట్రోలర్ కింద ఉందో కొమ్మలుగా చూపిస్తుంది. లాప్‌టాప్ లోపలి వెబ్‌కెమెరా, బ్లూటూత్ కూడా యూఎస్‌బీ మీదే కూర్చుని ఉంటాయి. ఆడియో ఇంటర్‌ఫేస్ హబ్ ద్వారా కాకుండా నేరుగా, వీలైతే వేరే కంట్రోలర్ ఉన్న పోర్టుకు తగిలించాలి. ఇంకో కిటుకు తమ్ముడే చెప్పాడు. థ్రెడ్‌ఐఆర్‌క్యూస్ పెట్టాక ప్రతి ఇంటరప్ట్ థ్రెడ్‌కూ (పరికరాల పిలుపులకు స్పందించేదానికి) ప్రయారిటీ 50 ఉంటుంది. ప్రోగ్రాంల మధ్య శబ్దాన్ని నడిపే పైప్‌వైర్ 88 అడుగుతుంది. అంటే శబ్దాన్ని మోసుకొచ్చే ఎక్స్‌హెచ్‌సీఐ (యూఎస్‌బీ కంట్రోలర్) థ్రెడ్, దానికోసం ఎదురుచూసే పైప్‌వైర్ కన్నా కింద ఉండిపోతుంది. సీహెచ్‌ఆర్‌టీ కమాండ్‌తో ఆ ఎక్స్‌హెచ్‌సీఐ థ్రెడ్‌ను 90కి ఎత్తాలి. రీబూట్ అయితే పోతుంది కాబట్టి ఆర్‌టీఐఆర్‌క్యూ స్క్రిప్టుకు అప్పగించడం మేలు. మా గదిలో ఎక్స్‌రన్లు బాగా తగ్గింది ఈ ఒక్క మార్పుతోనే. ఇంత స్పష్టంగా చెప్పినవాళ్లు అంతకుముందు మాకు తగల్లేదు తమ్ముడూ, నీకు రుణపడి ఉన్నాం.

పైప్‌వైర్ వాడేవాళ్లు పీడబ్ల్యూ-టాప్ తెరిచి ‘క్వాంట్’ (బఫర్ సైజు), ‘ఈఆర్‌ఆర్’ (తప్పుల లెక్క) గడులు గమనించాలి. ఏదో ఒక ప్రోగ్రాం 64 అడిగితే దానితో కలిసి నడిచేవన్నీ 64కే దిగిపోతాయి, అందుకే మిన్-క్వాంటమ్‌ను (అనుమతించే అతి చిన్న బఫర్‌ను) 128కి కట్టేశాం. శబ్దం సెట్టింగులు మార్చే పావుకంట్రోల్‌లో కార్డు ప్రొఫైల్ ‘ప్రో ఆడియో’కు మార్చాం.

డాబాగార్డెన్స్ పెద్దాయన రెండు మూరల షీల్డెడ్ వైరుకు రెండు పక్కలా 6.35 మిల్లీమీటర్ల జాక్ పిన్నులు టంకం వేసి ఇచ్చి, డబ్బులు పుచ్చుకోలేదు. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు ఆ వైరు పెట్టి, స్పీకర్లు ఆపి, జాక్_ఐవోడిలే నడిపితే రానుపోను ఆలస్యం ఫ్రేములతో సహా తెలుస్తుంది. తెర మీద బఫర్ లెక్కన కనబడే అంకె ఇంతకన్నా ఎప్పుడూ తక్కువే, ఎందుకంటే కన్వర్టర్లు, యూఎస్‌బీ తీసుకునే సమయం అందులో కలవదు. గాలిలో శబ్దం మీటరు దూరం పోవడానికే దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది, ఆ లెక్కన చూసుకుంటే ఎంత ఆలస్యం ఓర్చుకోవచ్చో అర్థమవుతుంది.

ఆయనే టిక్కుకూ గుర్రుకూ తేడా చెప్పారు. ఎడతెగని గుర్రు వస్తే కెర్నల్‌ను తప్పుపట్టకూడదు, అది చాలావరకు ఎర్తింగ్ లూప్. చార్జర్ పీకగానే పోతే అదేనని తేల్చుకుని, ఆ లైనులో గ్రౌండ్ లిఫ్ట్ (కేబులు గ్రౌండ్‌ను విడదీసే స్విచ్) ఉన్న డీఐ బాక్స్, అంటే వాద్యం సిగ్నల్‌ను సర్దే చిన్న పెట్టె, పెట్టాలి. ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం ఎన్నడూ తీసేయకూడదు. చార్జర్ పీకగానే గుర్రు పోయి టిక్కులు మొదలైతే, బ్యాటరీ మీద పవర్ ప్రొఫైల్ మారిందన్నమాట. పెర్ఫార్మెన్స్‌కు తెచ్చుకోవాలి. శబ్దం పూర్తిగా ఆగి, కార్డు మాయమై తిరిగి వస్తుంటే కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో ‘డిస్‌కనెక్ట్’ అని పడుతుంది, అది వదులు కేబులు పని. మన సముద్రపు గాలికి జాక్‌లు, పోర్టులు తొందరగా చిలుము పడతాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నాలుగైదుసార్లు పెట్టి తీయమన్నారు.

ఎండాకాలం గురించి అన్నయ్య హెచ్చరిక ఇంకొకటి ఉంది. ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గవర్నర్‌ను పెర్ఫార్మెన్స్‌లో పెట్టి, ఏసీ లేని గదిలో దుమ్ము పట్టిన ఫ్యానుతో నడిపితే ప్రాసెసర్ వేడెక్కి తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. గంటసేపు బాగా నడిచి ఆ తర్వాత టిక్కులు మొదలయ్యే కంప్యూటర్లో ముందు చూడాల్సింది ఇదే. సెన్సార్స్ కమాండ్ చూపించే వేడి 100 డిగ్రీల దగ్గరికి పోతుంటే ఫ్యాను శుభ్రం చేయించి, థర్మల్ పేస్టు మార్పించాలి. ఇవన్నీ చేసినా క్రమం లేకుండా టిక్కులు వస్తుంటే హెచ్‌డబ్ల్యూలాట్‌డిటెక్ట్ నడపాలి. మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ కెర్నల్‌కు చెప్పకుండా ప్రాసెసర్‌ను లాక్కుంటుంటే అందులో తెలుస్తుంది. అప్పుడు బయోస్ అప్‌డేట్ తప్ప చేయగలిగింది పెద్దగా లేదు.

బాబాయిగారూ, ఒక్కో మార్పు తర్వాతా విసుక్కోకుండా అదే తీర్మానం (ముగింపు వాయింపు) అదే కాలంలో వాయించి, "ఇప్పుడు చాపు చేతికి అతుక్కుంది" అని మీరు చెప్పాకే మేం ముందుకు కదిలాం. 256 దగ్గర మాకు తేడా వినపడలేదు, మీకు వినపడింది. 128 అన్నది మీ చెవి తేల్చిన అంకె.

ఆలస్యం కొలవడానికి పెద్దాయన చేసిచ్చిన లూప్ కేబులు మా దగ్గరే ఉంది. నగరంలో ఎవరికి కావాలన్నా వచ్చి పట్టుకెళ్లండి, కొలుచుకున్నాక తిరిగి ఇవ్వండి.