అరకు లోయకు కావలసింది అంచనా, ‘ఆహ్లాదం’ కాదు

సంపాదకులకు,

సెప్టెంబరు రెండో పక్షంలో అరకు, పాడేరు మన్యంలో వాతావరణం ఎలా ఉంటుందో చెబుతూ పోయిన ఆదివారం మీరు వేసిన వార్త చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. ఆహ్లాదంగా ఉంటుందట, అక్కడక్కడ జల్లులు పడొచ్చట, పర్యాటకులకు అనుకూలమట. అంతే! సామ, చోడి (రాగి) కోతలు దగ్గరపడుతున్న రైతుకు గానీ, రాత్రిపూట అనంతగిరి ఘాట్ దిగే బస్సు డ్రైవరుకు గానీ పనికొచ్చే మాట అందులో ఒక్కటీ లేదు.

పక్కన ఇచ్చిన ఉష్ణోగ్రత విశాఖది. దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకుకు అది ఎలా సరిపోతుంది? వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని బడి పిల్లలు కూడా చదువుకుంటారు. మబ్బు విడిచి గాలి ఆగిన రాత్రి ఆ లెక్క కూడా తిరగబడుతుంది. వాలు మీది గాలి చల్లబడి, బరువెక్కి, గెడ్డల (వాగుల) వెంట జారి లోయ అడుగున నిలుస్తుంది. అందుకే తెల్లవారుజామున పల్లపు పొలంలో చలి, పైన కొండ వాలు మీదికన్నా ఎక్కువ.

పొగమంచూ అంతే. వాన వెలిసిన మర్నాడు లోయలో కమ్మేది ఎండ ఎక్కగానే విడిపోతుంది. ఘాట్ మలుపుల్లో అడ్డుపడేది చాలాసార్లు కొండకు ఆనుకున్న మబ్బు. అది మధ్యాహ్నమైనా కదలకపోవచ్చు. తొమ్మిది దాటితే దారి తేటపడుతుందని నమ్మి బయల్దేరినవాడికి ఎదురుగా వచ్చే లారీ కనిపించదు.

ఇక వాన. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం. ఆ 24 గంటలు ఉదయం 8.30కి ముగుస్తాయి. 70 మిల్లీమీటర్లు రోజంతా ముసురుగా పడితే నేల చాలావరకు తాగేస్తుంది. అదే వాన సాయంత్రం రెండు గంటల్లో దంచితే, అప్పటికే వారం రోజులుగా నానిన వాలు నిలవదు. ముందు రోడ్డు పక్క కాలువలో నీరు ఎర్రబడుతుంది, చిన్న రాళ్లు జారతాయి, ఆ వెనకే చరియ వస్తుంది. కల్వర్టు తూము ఆకులూ మట్టితో పూడిపోయి ఉంటే నీరు రోడ్డెక్కి అంచును కోసేస్తుంది. ఎంత పడుతుందో ఒక్కటే చెబితే చాలదు. ఎన్ని గంటల్లో పడుతుందో, ముందు వారం ఎంత పడిందో కూడా చెప్పాలి.

అల్లం, పసుపు మడుల్లో నీరు నిలిస్తే దుంపకుళ్లు పట్టుకుంటుంది. రెండు రోజుల ముందు తెలిస్తే కాలువలు తీసుకుంటారు కదా!

అధికారుల తీరు ఇంకా బాధాకరం. వర్షమాపకాన్ని చెట్టుకో గోడకో దాని ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో పెట్టాలి. కార్యాలయం గోడ పక్కనే పెట్టి, గరాటులో ఆకు పడినా తీయకపోతే వచ్చే అంకె ఎవరికి పనికొస్తుంది? తూములు వానలకు ముందే తీయించాల్సింది, చరియ పడ్డాక పొక్లెయిన్ పంపుతారు. వ్యూపాయింట్లకు రంగులు వేయడానికి ఉన్న శ్రద్ధలో కొంతైనా దీని మీద ఉండొద్దా?

పైగా ఇది తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర, 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటాయి. తీరం దాటిన తడిగాలి కొండలకు తగిలి పైకి లేస్తే అక్కడే కుమ్మరిస్తుంది. ఆ సంగతి మీ వార్తలో మాటవరసకైనా లేదు.

వ్యవసాయ వాతావరణ సలహా బులెటిన్ మంగళ, శుక్రవారాల్లో వస్తుంది. అందులో మన్యానికి సంబంధించిన భాగాన్ని మర్నాడే పూర్తిగా వేయండి. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదయ్యే కనిష్ఠ ఉష్ణోగ్రతను చలికాలంలోనే కాకుండా ఇప్పటి నుంచే రోజూ ఇవ్వండి. లోయకు, వాలుకు, ఘాట్ రోడ్డుకు వేర్వేరుగా మూడు వాక్యాలు రాయించండి.

– ఒక పాఠకుడు, పాడేరు