మోటార్‌హోమ్‌లో పని చేయని ఏసీ, వెలగని హీటర్, మీవాళ్లు ఇచ్చిన సలహా గురించి

చాండ్లర్, అరిజోనా
28 అక్టోబర్ 2024

మేనేజర్ గారికి,

నమస్కారం. మీ దగ్గర అద్దెకు తీసుకున్న 25 అడుగుల మోటార్‌హోమ్ (పడకలు, స్టవ్ ఉండే ఇల్లులాంటి బండి) గురించి ఈ ఫిర్యాదు. అక్టోబర్ 10 గురువారం మధ్యాహ్నం తీసుకున్నాం, 13 ఆదివారం తిరిగి అప్పజెప్పాం. డిపాజిట్‌లో కోత పడ్డాక మీ ఆఫీసుకి రెండుసార్లు ఫోన్ చేశాను. "మెయిల్ పెట్టండి సార్, పైవాళ్లకి పంపిస్తాం" అన్నారు. బుకింగ్ నుంచి ఆ ఫోన్ల దాకా అంతా తెలుగులోనే మాట్లాడుకున్నాం, పైవాళ్లు కూడా తెలుగువాళ్లేనని ఫోన్లో మాట్లాడిన మీ ఆఫీసు అబ్బాయే చెప్పాడు. అందుకే ఇదీ తెలుగులోనే రాస్తున్నాను.

తెనాలి నుంచి వచ్చిన మా అమ్మానాన్నలకి దసరా సెలవుల్లో గ్రాండ్ కాన్యన్ చూపిద్దామని బయల్దేరాం. వాళ్లిద్దరూ, నా భార్య, నాలుగేళ్ల పాప, నేను. మీ దగ్గర బండి తీసుకునేటప్పటికి ఫీనిక్స్‌లో ఎండ 100 ఫారెన్‌హీట్ పైనే ఉంది. సెప్టెంబర్ చివర్నుంచి రోజూ రికార్డు ఎండలేనని మీకూ తెలుసు. డ్రైవర్ ముందున్న ఏసీ ముందు సీట్లవరకే పని చేస్తుంది. వెనక కూర్చున్నవాళ్లకి పైకప్పు మీది ఏసీయే దిక్కు, దారిలో అది నడవాలంటే జనరేటర్ వేయాల్సిందే. వేశాం. గంటన్నర గడిచినా లోపల 92 దగ్గరే నిలబడిపోయింది.

13,500 బీటీయూల (చల్లబరిచే శక్తికి కొలత) ఏసీ ఒక్కటే, పైగా బయట మాడిపోయే ఎండ. లోపల ఊటీలా ఉండాలని నేనేమీ ఆశించలేదు. కానీ కాసేపటికి గాలి రావడమే తగ్గిపోయింది. సన్‌సెట్ పాయింట్ రెస్ట్ ఏరియాలో ఆపి చూస్తే పైనుంచి అమ్మ చీర మీద నీళ్లు కారుతున్నాయి. బండిలో మీరు పెట్టిన పుస్తకంలో రాసినట్టే ఏసీ కింద ఉన్న ప్లాస్టిక్ మూత తీసి ఫిల్టర్ బయటికి లాగాను. అది ఫిల్టర్‌లా లేదు, కంబళి ముక్కలా ఉంది. తెల్లటి కుక్క బొచ్చు, మధ్యమధ్య గోధుమరంగు వెంట్రుకలు, వేలితో గీరితే పొరలుపొరలుగా లేచింది. గాలి లోపలికి పోయే దారి లేక గాలిని చల్లబరిచే కాయిల్ మీద మంచు గడ్డకట్టింది. కంప్రెసర్ ఆపేసి, అరగంట ఒట్టి ఫ్యాన్ తిప్పి మంచు కరిగించాను. ఫిల్టర్ కడిగి పెట్టాక గాలి కొంచెం నయం. ఆ తర్వాత ఫ్లాగ్‌స్టాఫ్ వైపు కొండెక్కేకొద్దీ చల్లబడింది గానీ, అది మీ ఏసీ గొప్పతనం కాదు.

మీ అగ్రిమెంట్‌లో కుక్కని తెచ్చుకుంటే విడిగా క్లీనింగ్ ఫీజు కట్టాలని ఉంది. అంటే మాకంటే ముందు బండి తీసుకున్నవాళ్ల దగ్గర కుక్క పేరు మీద డబ్బు తీసుకున్నారు, దాని బొచ్చు మాత్రం మాకు వదిలేశారు.

ఇదొక్కటే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. నేను రాసేది ఆ రాత్రి గురించి.

గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ దాదాపు 7,000 అడుగుల ఎత్తు. మేం దిగిన మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంట్ కనెక్షన్ ఉండదు, రాత్రిళ్లు జనరేటర్ వేయనివ్వరు. బుకింగ్ అప్పుడు ఇదంతా మీవాళ్లకి చెప్పే అడిగాను. "ఫర్వాలేదు సార్, హీటర్ ప్రొపేన్ గ్యాస్ మీద నడుస్తుంది, దాని ఫ్యాన్‌కి బ్యాటరీ చాలు" అన్నారు. నిజమే, చాలు. రాత్రి పదింటికి థర్మోస్టాట్ పెంచితే ఫ్యాన్ తిరిగింది. కానీ ఆ తర్వాత వినపడాల్సిన టిక్ టిక్ చప్పుడు లేదు, మంట లేదు. చల్లగాలే ముఖం మీద కొట్టింది. ఆపి, మళ్లీ వేసి, నాలుగుసార్లు చూశాం. మా నాన్న కరెంట్ డిపార్ట్‌మెంట్‌లో పని చేసి రిటైరైన మనిషి, ముందు బ్యాటరీ చూడమన్నారు. ప్యానెల్ మీద 12.4 వోల్టులు చూపిస్తోంది. గ్యాస్ అయిపోయిందేమోనని స్టవ్ వెలిగించి చూశాను. నీలం మంట బ్రహ్మాండంగా వచ్చింది.

అప్పుడు మీ 24 గంటల హెల్ప్‌లైన్‌కి చేశాను. ఫోనెత్తిన అబ్బాయి అంతా విని ఇలా అన్నాడు: "స్టవ్ వెలుగుతోంది కదా సార్? రెండు బర్నర్లూ సిమ్‌లో పెట్టుకుని పడుకోండి. పది నిమిషాల్లో వెచ్చబడుతుంది. అందరూ అదే చేస్తారు."

ఆ స్టవ్ పక్కనే స్టిక్కర్ ఉందండీ, దీన్ని గది వేడి చేసుకోవడానికి వాడొద్దని. హీటర్‌లో మంట మూసిన డబ్బాలో మండుతుంది, దాని పొగ గొట్టంలోంచి బయటికే పోతుంది. స్టవ్ మీద మండేదంతా మేం పీల్చే గాలిలోనే కలుస్తుంది. కిటికీలు బిగించుకున్న ఆ చిన్న డబ్బాలో ఐదుగురం నిద్రపోతే ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన కూడా ఉండదు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. నేను ఏదో అనేలోపే మా అమ్మ అంది: "కుంపటి పెట్టుకుని తలుపులేసుకోకూడదని మా నాయనమ్మే చెప్పేది. ఈ అబ్బాయికి చెప్పేవాళ్లు లేరా?"

స్టవ్ ఆపేశాం. రాత్రి రెండింటికి బయట 39 ఫారెన్‌హీట్, అంటే దాదాపు 4 సెల్సియస్. పాపని మా ఇద్దరి మధ్యా పడుకోబెట్టుకుని, ఉన్న స్వెట్టర్లూ తువ్వాళ్లూ అన్నీ కప్పుకుని కూర్చున్నాం. నాన్న కాళ్లకి నా జాకెట్ చుట్టాను. తెల్లారాక అనుమానమొచ్చి కార్బన్ మోనాక్సైడ్ అలారం తీసి వెనక చూశాను. మార్చాల్సిన తేదీ దాటి రెండేళ్లయింది. మీ అబ్బాయి మాట విని ఉంటే అది మోగేదని ఎవరు పూచీ?

శుక్రవారం కాన్యన్ అంచున ఓ గంట నిలబడి, ఫ్లాగ్‌స్టాఫ్ వచ్చి హోటల్ తీసుకున్నాం. శనివారం పొద్దున ఒక మొబైల్ టెక్నీషియన్ వచ్చి హీటర్ బయటికి లాగాడు. లోపల సెయిల్ స్విచ్ అని చిన్న రేకు ఉంటుంది. ఫ్యాన్ గాలికి అది కదిలితేనే మంట వెలిగించమని హీటర్‌ని నడిపే సర్క్యూట్ బోర్డుకి కబురు వెళ్తుంది. ఆ రేకుకి చుట్టుకుని ఉన్నది మళ్లీ అదే తెల్ల బొచ్చు. తీసేశాడు, హీటర్ వెలిగింది. నలభై నిమిషాల పని. దసరా రోజు రాత్రి మాత్రం వెచ్చగా పడుకున్నాం.

ఇక మీ బిల్లు. ఫిల్టర్ మూత తీసినందుకు "సీలింగ్ ప్యానెల్ ట్యాంపరింగ్" అని 150 డాలర్లు కోశారు. చల్లబరచని ఏసీ కోసం జనరేటర్ నాలుగు గంటలు ఎక్కువ తిప్పామని 16 డాలర్లు వేశారు. ఈ రెండూ వెనక్కివ్వండి. గురు, శుక్రవారాల అద్దె 390, హోటల్‌కి 168, టెక్నీషియన్‌కి 185 కూడా మీరే ఇవ్వాలి. మొత్తం 909 డాలర్లు. క్రెడిట్ కూపన్ వద్దు, కార్డుకే వేయండి.

డబ్బుతో పాటు ఇంకో రెండు రాతపూర్వకంగా కావాలి. స్టవ్ వెలిగించుకుని పడుకోమని ఇకపై ఎవరికీ చెప్పొద్దని హెల్ప్‌లైన్‌లో ఉన్న అందరికీ చెప్పామని ఒకటి. ఆ బండిలో అలారం మార్చి, హీటర్ వెలిగించి చూశాకే ఇంకొకరికి ఇచ్చామని రెండోది. నాకైతే 909 డాలర్ల కన్నా ఈ రెండే ముఖ్యం. ఈ వారాంతంలో ఆ బండి ఎవరు తీసుకున్నారో నాకు తెలియదు, మీకు తెలుసు. ముందు వాళ్లకి ఫోన్ చేయండి.

నవంబర్ 11 లోపు జవాబు రాకపోతే కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేస్తాను, అరిజోనా అటార్నీ జనరల్ ఆఫీసు వినియోగదారుల విభాగానికి ఫిర్యాదు పంపుతాను. సాటి తెలుగువాళ్ల మీద కేసేంటని మా బంధువులు ఒకరిద్దరు అన్నారు. ఆ మొహమాటంతోనే ఇప్పటిదాకా ఆగాను.

రసీదులు, అలారం వెనక తేదీ ఫోటో, హెల్ప్‌లైన్ కాల్ టైమ్ కనపడే స్క్రీన్‌షాట్ జత చేశాను. టెక్నీషియన్ తీసిన బొచ్చు జిప్‌లాక్ కవర్‌లో దాచాను. చూడాలంటే ఆఫీసుకి తెచ్చిస్తాను.

ఇట్లు,
అక్టోబర్ 10న బండి తీసుకున్న మీ కస్టమర్