సింగపూర్‌లో ఏ కార్డు ఎక్కడ తియ్యాలి

విశాఖపట్నం

చిన్నీకి నాన్న ఆశీస్సులు.

టికెట్టు, వీసా, ఆఫీసు కాగితాలు అన్నీ ఒకే ఫైలులో సర్దుకున్నావని అమ్మ చెప్పింది. డబ్బుల సంగతి అడిగితే మాత్రం "కార్డులున్నాయి కదా నాన్నా" అని తేల్చేశావు. ఉండబోయేది రెండు నెలలు. ఫోన్లో చెబితే నీ మీటింగుల మధ్య సగం మాట కొట్టుకుపోతుంది, అందుకే రాస్తున్నాను.

నీ పర్సులో ఉన్న డెబిట్ కార్డు, క్రెడిట్ కార్డు చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, దేన్ని ఆనించినా బిల్లు తీరిపోతుంది. తేడా తెలిసేది గొడవొచ్చిన రోజున. ఎవడో నీ కార్డు వివరాలు కొట్టేసి లక్ష రూపాయలు వాడేశాడనుకో. క్రెడిట్ కార్డయితే అది బిల్లులో ఒక లైను. "ఇది నేను వాడింది కాదు" అని బ్యాంకుకు రాసిస్తావు, విషయం తేలేదాకా ఇరుక్కుపోయేది బ్యాంకు డబ్బు. అదే డెబిట్ కార్డయితే నీ ఖాతాలోంచి ఆ క్షణమే పోతుంది. తేలేదాకా ఇరుక్కుపోయేది నీ జీతం.

పోర్టు దగ్గరి బ్రాంచిలో పనిచేసినప్పుడు ఓడల మీద వెళ్లే కుర్రాళ్లు చాలామంది మా ఖాతాదారులు. వాళ్లలో ఒకతను ఏదో రేవులో రోడ్డు పక్క ఏటీఎంలో కార్డు పెట్టాడు. కొన్నాళ్లకు ఖాతా ఊడ్చేశారు. డబ్బు చివరికి తిరిగొచ్చింది. కానీ వచ్చేలోపల ఇంటి లోను ఈఎమ్ఐ బౌన్సయింది. అతను సముద్రం మీద ఉన్నాడు, వాళ్లమ్మ గాజువాక నుంచి రోజూ బస్సెక్కి వచ్చి నా కౌంటరు ముందు కూర్చునేది. "ఇంకో వారం ఆగండమ్మా" అనడం తప్ప ఆవిడకు నేను చెయ్యగలిగింది లేకపోయింది. ఆ ముఖం నాకింకా గుర్తుంది తల్లీ.

అందుకని నా మాట విను. అక్కడ డెబిట్ కార్డు ఏటీఎంలో తప్ప ఇంకెక్కడా తియ్యకు. షాపులు, రైళ్లు, టికెట్లు అన్నింటికీ క్రెడిట్ కార్డే. ఆ డెబిట్ కార్డైనా జీతం పడే ఖాతాది వద్దు, బీరువా తాళంచెవి జేబులో వేసుకుని ఊళ్లు తిరగం కదా. నీకు రెండో ఖాతా ఉంది. నెల ఖర్చుకు సరిపడా మాత్రం అందులో వేసుకుని దాని కార్డు పట్టుకెళ్లు. ముందు ఆ కార్డు బయటి దేశాల్లో పనిచేస్తుందో లేదో చూడు. రూపే కార్డుల్లో మన దేశం వరకే పనిచేసేవి ఉన్నాయి.

హోటల్లో దిగేటప్పుడు డిపాజిట్‌గా కొంత సొమ్ము కార్డు మీద బ్లాక్ చేస్తారు. క్రెడిట్ కార్డిస్తే నీ లిమిట్‌లో కాస్త తగ్గుతుంది, అంతే. డెబిట్ కార్డిస్తే నీ సొంత డబ్బు ఆగిపోతుంది, గది ఖాళీ చేశాక కూడా అది విడుదల కావడానికి రోజులు పట్టొచ్చు.

ఇప్పుడు చెప్పేది బాగా చదువు. బిల్లు కట్టేటప్పుడు అక్కడి మెషీను ఒక్కోసారి "రూపాయల్లోనా, సింగపూర్ డాలర్లలోనా" అని అడుగుతుంది. రూపాయలంటే మనకు అర్థమవుతుంది కాబట్టి చెయ్యి అటే పోతుంది. అటు పోనివ్వకు. రూపాయలు నొక్కితే మారకం రేటు నిర్ణయించేది ఆ షాపు తరఫున మెషీను నడిపేవాళ్లు, తమ లాభం కలుపుకునే రేటు వేస్తారు. పైగా విదేశంలో రూపాయల్లో కట్టినందుకు మన బ్యాంకుల్లో కొన్ని మళ్లీ ఛార్జీ వేస్తాయి. డాలర్లే నొక్కు. ఏటీఎం అడిగినా అదే జవాబు. క్యాషియరే నిన్నడక్కుండా రూపాయలు నొక్కేస్తే ఆ బిల్లు రద్దు చేయించి మళ్లీ కొట్టించు, మొహమాటపడకు.

డాలర్లలో కట్టినా మన బ్యాంకు తన వాటా తీసుకుంటుంది. దాన్ని ఫారెక్స్ మార్కప్ అంటారు, చాలా కార్డులకు రెండు నుంచి మూడున్నర శాతం దాకా ఉంటుంది. మూడున్నర శాతం కార్డు మీద లక్ష ఖర్చుపెట్టావంటే 3,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 630, మొత్తం 4,130 రూపాయలు. రెండు నెలల్లో అది చిన్న మొత్తం కాదు. మార్కప్ తక్కువున్న కార్డులూ, అసలు లేని కార్డులూ ఉన్నాయి. ముందుగానే డాలర్లు నింపుకునే ఫారెక్స్ కార్డూ మంచిదే, కానీ సింగపూర్ డాలర్లు నింపిన కార్డును పక్కనున్న మలేషియాలో వాడితే మళ్లీ మార్పిడి ఛార్జీ పడుతుంది.

ఎంవీపీ రైతుబజారులో కొత్తిమీర కట్టకు కూడా ఫోన్ చూపించి స్కాన్ చేసే అలవాటు నీది. అక్కడ మన యూపీఐ అన్నిచోట్లా నడుస్తుందనుకోకు. రైలుకి, బస్సుకి వీసా లేదా మాస్టర్‌కార్డు గుర్తున్న క్రెడిట్ కార్డు ఆనిస్తే సరిపోతుంది. హాకర్ సెంటర్లలో, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే ప్రాంగణాల్లో, తినేటప్పుడు మాత్రం చేతిలో నోట్లుండాలి. కొన్ని ఇక్కడే మార్చుకుని వెళ్లు. అక్కడ తియ్యాల్సి వస్తే బ్యాంకు లోపలున్న ఏటీఎంలో, డెబిట్ కార్డుతో, ఒక్కసారే కాస్త ఎక్కువ తియ్యి, ఎందుకంటే తీసిన ప్రతిసారీ ఛార్జీ ఉంటుంది. క్రెడిట్ కార్డుతో ఏటీఎం జోలికి ఎంత అవసరమొచ్చినా వెళ్లకు. ఫీజు పడుతుంది, పైగా తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, కొన్నవాటికి వడ్డీ లేకుండా ఇచ్చే నలభై ఐదు రోజుల గడువు దానికి వర్తించదు. అంత ఇబ్బందొస్తే నాకు ఫోన్ చెయ్యి, ఇక్కణ్ణుంచి నీ రెండో ఖాతాలో వేస్తాను.

2020 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం కొత్త కార్డులు విదేశాల్లో వాడకానికి మూసే వస్తాయి. బ్యాంకు యాప్‌లో నువ్వే తెరవాలి. విమానం ఎక్కే ముందు తెరువు, రోజుకింత అని లిమిట్ పెట్టుకో. ఆన్‌లైన్ వాడకం స్విచ్ మాత్రం అవసరమైనప్పుడే వేసి వెంటనే తీసెయ్యి. విదేశీ వెబ్‌సైట్లు చాలావాటిలో ఓటీపీ అడక్కుండానే డబ్బు తెగిపోతుంది. మన సిమ్ము తీసి పారెయ్యకు, రోమింగ్‌లో ఉంచు, మెసేజ్‌లు అందాలి.

ఆ మెసేజ్‌లే నీకు కాపలా. తెలియని ఖర్చు కనబడితే ముందు యాప్‌లో కార్డు ఆపేసి, అదే రోజు బ్యాంకుకు చెప్పు. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ఉంది. బ్యాంకు తప్పూ నీ తప్పూ లేకుండా బయటివాళ్లెవరో చేసిన మోసమైతే, మూడు పనిదినాల్లోపు చెబితే నీ మీద పైసా పడదు. ఆలస్యమైతే కొంత నువ్వు భరించాల్సి వస్తుంది. పిన్ను నువ్వే ఎవరికైనా చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిందంతా నీదే. 1800తో మొదలయ్యే నంబర్లు బయటి దేశం నుంచి సాధారణంగా కలవవు. ప్లస్ 91తో ఉన్న నంబరు వెతికి కాగితం మీద రాసుకో, ఫోనే పోతే అందులో దాచిన నంబరు ఎందుకు పనికొస్తుంది? రెండు కార్డులూ ఒకే పర్సులో పెట్టకు, ఒకటి గదిలో ఉండనీ.

బిల్లు వచ్చాక "కనీస మొత్తం" అని చిన్న అంకె కనబడుతుంది. అది కట్టి ఊరుకోకు. మిగిలినదాని మీద నెలకు మూడు శాతం పైనే వడ్డీ నడిచే కార్డులున్నాయి, ఆపై కొత్తగా కొన్నవాటికి కూడా గడువు పోతుంది. మొత్తం కట్టేలా ఆటోపే పెట్టు.

ఈ రాత్రికి ఒక పని చెయ్యి. నీ క్రెడిట్ కార్డు ఛార్జీల పట్టికలో మార్కప్ ఎంతుందో చూసి నాకు పంపు. మూడు శాతం దాటితే వేరే కార్డుకి రేపే దరఖాస్తు పెడదాం, ఇంకా టైముంది.

ప్రేమతో,
నాన్న